మేం ఏరేది తల ఆకారాన్ని కాదు

సంపాదకులకు నమస్కారం.

సంతానలేమిలో మగవారి పరీక్షల గురించి మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య ఒక వ్యాసం వచ్చింది. పిల్లలు కలగకపోతే ముందు భార్యకే పరీక్షలన్నీ చేయించే అలవాటు ఇంకా పోలేదు. అలాంటప్పుడు వీర్యకణాల గురించి అంత చోటిచ్చి, దాపరికం లేకుండా రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. అయితే అందులోని రెండు మాటలు చదివినవాళ్లను తప్పుదారి పట్టిస్తాయి. నూటికి తొంభైకి పైగా కణాల తల ఆకారం బాగాలేకపోతే ఇక మామూలుగా గర్భం రావడం కష్టమేనని ఒకచోట రాశారు. ఇప్పుడు ల్యాబుల్లో చక్కటి తల ఉన్న కణాలను మాత్రమే ఏరే పద్ధతులు వచ్చాయి కాబట్టి ఆ దిగులు అక్కర్లేదని ఇంకోచోట రాశారు. మొదటి మాట నిజం కాదు. రెండో మాటలో కొంత నిజం ఉంది గానీ, వ్యాసంలో చెప్పిన తీరు వేరు, ల్యాబులో జరిగేది వేరు.

నేను ఆండ్రాలజీ ల్యాబులో, అంటే మగవారి వీర్య పరీక్షలు చేసే ల్యాబులో, సీనియర్ టెక్నీషియన్‌ని. నమూనా తీసుకోవడం, స్లైడు చేసి చదవడం, ఐయూఐకో (కణాలను గర్భాశయంలోకి ఎక్కించడం) ఐవీఎఫ్‌కో (అండంతో ల్యాబులో కలపడం) కణాలను కడిగి సిద్ధం చేసి ఇవ్వడం నా పని. డాక్టర్‌ని కాను. కానీ డాక్టర్ సంతకం పెట్టే రిపోర్టులో ఆకారం శాతం అనే గడి నింపేది నాలాంటివాళ్లమే. ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే సగం భయం పోతుందని నా నమ్మకం.

ఒక చుక్క వీర్యాన్ని గాజు పలక మీద పల్చగా పరిచి, ఆరబెట్టి, రసాయనంలో ముంచి, పాపనికొలావ్ రంగు వేస్తాం. లెన్సు మీద నూనె చుక్క పెట్టి వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తాం. తల నున్నటి అంచుతో అండాకారంలో ఉండాలి. పొడవు 4.1 మైక్రాన్ల దగ్గర, వెడల్పు 2.8 మైక్రాన్ల దగ్గర ఉంటే మంచిది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల ముందు భాగాన్ని కప్పి ఉండే అక్రోజోమ్ అనే సంచి తలలో 40 నుంచి 70 శాతం ఆక్రమించాలి. తలలో పెద్ద బుడగలు ఉండకూడదు, చిన్నవి రెండుకు మించకూడదు. తోక, దానికీ తలకూ మధ్య ఉండే భాగం కూడా సరిగా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ కణం బాలేదనే రాస్తాం. కాస్త అటూ ఇటూగా, అనుమానంగా ఉన్నదాన్ని కూడా బాలేని వాటిలోనే వేయాలన్నది నియమం.

ఇలా కనీసం రెండు వందల కణాలు చూస్తాం. అందులో ఎనిమిది బాగుంటే రిపోర్టులో 4 శాతం అని పడుతుంది. రెండు వందలే లెక్కపెట్టాం కాబట్టి, కేవలం లెక్కలోని యాదృచ్ఛికత వల్లే అసలు శాతం 2 నుంచి 8 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇది నా అభిప్రాయం కాదు, గణితం. దానికి తోడు కంటి తేడా ఉంటుంది. ఒకే స్లైడును పక్క టేబుల్ దగ్గరి సహోద్యోగి చదివితే నా అంకే వస్తుందన్న హామీ లేదు. మైక్రాన్‌లో పదో వంతులను కంటితో తేల్చే పని ఇది. అందుకే మంచి ల్యాబులు ఒకే స్లైడును ఇద్దరితో చదివించి పోల్చుకుంటాయి. రిపోర్టులో 3 వచ్చిందని ఒకరు రాత్రంతా నిద్రపోకపోవడం, 5 వచ్చిందని ఇంకొకరు ఊపిరి పీల్చుకోవడం చూస్తుంటాను. ఆ ఇద్దరి మధ్య నిజంగా తేడా ఉందో లేదో ఆ స్లైడు చదివిన మాకు కూడా తెలియదు.

ఇప్పుడు ఆ తొంభై శాతం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్య పరీక్షల మాన్యువల్‌లో 1987లో మంచి ఆకారం 50 శాతం ఉండాలన్నారు. 1992లో 30 అన్నారు. 2010లో 4 అన్నారు, 2021 నాటి ఆరో కూర్పులోనూ అదే 4. మగవాళ్ల వీర్యం పాడైపోతోందని ఈ అంకెలను చూపించి భయపెట్టేవాళ్లు ఉన్నారు. ఇన్నేళ్లలో మారింది ముఖ్యంగా మేం చూసే చూపు. దక్షిణాఫ్రికాలోని టైగర్‌బర్గ్ ఆసుపత్రిలో తీనస్ క్రూగర్, రూలోఫ్ మెన్‌క్‌వెల్డ్ 1980లలో రూపొందించిన కఠిన ప్రమాణాలనే తర్వాత ప్రపంచమంతా తీసుకుంది. అంతకుముందు చిన్నాచితకా తేడాలను వదిలేసేవాళ్లు, ఇప్పుడు వదలడం లేదు.

పైగా 4 అన్నది మంచికీ చెడుకూ మధ్య గీసిన గోడ కాదు. భార్య ఏడాదిలోపు గర్భం దాల్చిన మగవాళ్ల నమూనాలు సేకరించి వరసలో పెట్టారు. అట్టడుగు ఐదు శాతం ఎక్కడ ఆగుతుందో చూసి ఆ అంకెను కింది హద్దుగా రాశారు. అంటే ఏ చికిత్సా లేకుండా ఏడాదిలో తండ్రులు కాబోతున్న మగవాళ్లలోనే నూటికి ఐదుగురు ఆ హద్దు కంటే కింద ఉన్నారు. 2010 లెక్కల్లో ఆ మగవాళ్ల వరసలో సరిగ్గా నడిమధ్య ఉన్న మనిషికి మంచి ఆకారం 15 శాతమే. కింది నుంచి నూటికి పాతికో స్థానంలో ఉన్న మనిషికి 9 శాతమే. మీ వ్యాసం పెట్టిన తొంభై శాతం గీత ప్రకారం చూస్తే, ఏ ఇబ్బందీ లేకుండా భార్యలకు గర్భం వచ్చిన మగవాళ్లలో కనీసం నాలుగో వంతు మందిని ప్రమాదంలో ఉన్నవాళ్ల కింద లెక్కగట్టాలి. మనిషి వీర్యకణాల్లో ఎక్కువ భాగం వంకరటింకరగానే ఉంటాయి. ఇది మనిషి జాతి లక్షణం.

అసలు మంచి ఆకారం ఇదీ అని ఎవరు నిర్ణయించారు? ఈ విషయం ఎక్కడా రాయరు గానీ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. బొమ్మ గీసి ఇదే అందమైన తల అని ఎవరూ ప్రకటించలేదు. కలయిక తర్వాత గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును దాటి పైకి చేరిన కణాలను తీసి చూశారు. అండం పైపొరకు అతుక్కున్న కణాలను చూశారు. వీర్యంలో రకరకాల ఆకారాలు ఉన్నా, అక్కడి దాకా చేరినవాటిలో ఎక్కువ భాగం ఒకే తీరుగా, నున్నటి అండాకారపు తలతో కనిపించాయి. ఆ తీరునే మంచి ఆకారం అన్నారు. అంటే మంచి ఆకారం అనే ఊహే ఒక ఎంపిక నుంచి పుట్టింది. స్త్రీ శరీరం ఈదగలిగినవాటిని, అతుక్కోగలిగినవాటిని పైకి రానిచ్చింది. అలా మిగిలినవాటి ఆకారాన్ని మనం రాసుకున్నాం. శరీరం ఎంచుకున్నది పనితనాన్ని, ఆకారం దాని వెంట వచ్చింది.

ల్యాబులో మేం చేసే ఎంపిక కూడా ఇలాగే సాగుతుంది. వ్యాసంలో రాసినట్టు ఒక యంత్రం తలలు కొలిచి, అందమైనవాటిని ఒక పక్కకు నెట్టడం జరగదు.

మేం రోజూ వాడే పద్ధతి గ్రేడియంట్. గొట్టంలో అడుగున 80 శాతం, దాని పైన 40 శాతం సాంద్రత ఉన్న సిలికా ద్రావణాలు రెండు పొరలుగా పోసి, వాటి పైన వీర్యం నెమ్మదిగా వదులుతాం. సెంట్రిఫ్యూజ్ అనే గిరగిరా తిప్పే యంత్రంలో తక్కువ వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు తిప్పుతాం. బరువైన కణాలు రెండు పొరలూ దాటి అడుగుకు చేరతాయి. తేలికవి, చనిపోయినవి, తెల్ల రక్తకణాలు, చెత్తా చెదారం పైపొరల్లోనో పొరల మధ్యనో ఆగిపోతాయి. ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజ గుండ్రంగా ఉందా కోలగా ఉందా అని గాలి చూడదు, నిండు గింజ దగ్గర పడుతుంది, తాలు దూరంగా పోతుంది. ఇక్కడా అంతే, కణం ఎంత నిండుగా ఉందన్నదే లెక్క.

మరి ఆ నిండుదనానికీ తల ఆకారానికీ ఏమిటి సంబంధం? వీర్యకణం తలలో ఉండేదంతా దాదాపు కేంద్రకమే. వృషణంలో గుండ్రటి కణం వీర్యకణంగా మారేటప్పుడు డీఎన్‌ఏను చుట్టి ఉంచే హిస్టోన్లనే ప్రొటీన్ల స్థానంలోకి ప్రొటమైన్లనే చిన్న ప్రొటీన్లు వస్తాయి. వాటివల్ల డీఎన్‌ఏ గట్టిగా బిగుసుకుని అతి తక్కువ చోటులో ఒదుగుతుంది. అదే సమయంలో కేంద్రకం కోలగా సాగుతుంది, అక్రోజోమ్ దాని మీద పరుచుకుంటుంది, కేంద్రకం చుట్టూ ఉండే జిగురు పదార్థం, సైటోప్లాజం, అనవసరమైనంత మేర రాలిపోతుంది. ఈ పనులన్నీ ఒకే కాలంలో, ఒకదానితో ఒకటి ముడిపడి జరుగుతాయి. ఒకటి సరిగా జరగని కణంలో మిగతావి కూడా సరిగా జరగకపోయే అవకాశం ఎక్కువ. బిగుతుగా ఒదగని కేంద్రకం తల ఉబ్బినట్టో, ఆకారం లేనట్టో కనిపించొచ్చు, దాని సాంద్రతా తగ్గొచ్చు. సైటోప్లాజం మెడ దగ్గర మిగిలిపోయిన కణం కూడా తేలికే. అందువల్ల గ్రేడియంట్ అడుగున చేరిన కణాలకు రంగు వేసి చూస్తే మంచి తలల శాతం మొదటి నమూనాలో కంటే ఎక్కువ కనిపిస్తుంది. అయితే అన్నీ చక్కగా ఉండవు. సన్నగా సాగిన తల అయినా లోపల బిగుతుగా ఉంటే అడుగుకు చేరుతుంది, దాన్ని గ్రేడియంట్ ఆపదు.

స్విమ్-అప్ ఇంకా సులువు. ఒక మిల్లీలీటరు వీర్యం మీద కాస్త ఎక్కువ పోషక ద్రావణం వేసి, గొట్టాన్ని 45 డిగ్రీలు వంచి, 37 డిగ్రీల వేడిలో గంట ఉంచుతాం. ఈదగలిగినవి పైకి వస్తాయి, పై ద్రావణం తీసుకుంటాం. కణాల సంఖ్య తక్కువైతే ఈ పద్ధతి కుదరదు, పైకి వచ్చేవి మరీ కొద్ది. కానీ వచ్చినవి చురుగ్గా ఉంటాయి, వాటిలోనూ మంచి తలల శాతం పెరుగుతుంది. తల పెద్దగా, ఎగుడుదిగుడుగా ఉంటే నీటిలో ఎక్కువ నిరోధం ఎదురవుతుందన్నది ఒక కారణం. తల సరిగా తయారుకాని కణంలో తోక కూడా సరిగా తయారు కాకపోవడం ఇంకో కారణం. ఏ కారణమైనా, గంట సేపు మేం ఎదురుచూసింది ఈతనే. తలను ఎవరూ చూడలేదు.

ఇక్సీ విషయంలో మాత్రం కంటి ఎంపిక ఉంది, ఒప్పుకోవాలి. బ్రస్సెల్స్‌లో జాన్‌పియెరో పలెర్మో బృందం 1992లో ఈ పద్ధతితో గర్భాలు వచ్చినట్టు ప్రకటించింది. ఒక్క కణాన్ని గాజు సూదితో పట్టుకుని నేరుగా అండంలోకి ఎక్కిస్తారు. ఆ ఒక్కదాన్నీ ల్యాబులో అండాలను, పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టు కంటితోనే ఎంచుకుంటారు. అయితే అప్పుడు వాళ్లు చూసేది రెండు వందల నుంచి నాలుగు వందల రెట్ల దగ్గర, చిక్కటి ద్రావణంలో నెమ్మదించిన, ఇంకా కదులుతున్న కణాన్ని. మొరటుగా తేడా ఉన్న తలలు, గుండుసూదిలాంటి చిన్న తలలు, జంట తలలు తెలిసిపోతాయి. మైక్రాన్‌లో పదో వంతులు, అక్రోజోమ్ శాతాలు ఆ దూరంలో తెలియవు. రంగు వేస్తే తెలుస్తాయి గానీ, రంగు వేసిన కణం అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. రిపోర్టులో శాతం రాసింది స్లైడు మీద చచ్చిన రెండు వందల కణాల గురించి. అండంలోకి వెళ్లేది ఆ రెండు వందల్లో లేని ఇంకొకటి. ఈ సంగతి చెబితే చాలామంది ఒక్కసారి ఆగిపోయి మళ్లీ చెప్పమంటారు. అదే బ్రస్సెల్స్ కేంద్రం 1995లో ఇంకో సంగతి ప్రచురించింది. ఇక్సీ ఫలితానికి వీర్యంలోని సంఖ్యతోగానీ కదలికతోగానీ ఆకారంతోగానీ సంబంధం కనపడలేదని.

తలను నిజంగా నిశితంగా చూసి ఏరే పద్ధతి ఒకటుంది. మీ వ్యాసం చెప్పాలనుకున్నది బహుశా దాని గురించే. ఇజ్రాయెల్‌లోని బార్-ఇలాన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ బార్టూవ్ బృందం 2000 తర్వాత తెచ్చిన ఇమ్సీ అది. బతికున్న కణాన్ని, రంగు లేకుండా, ప్రత్యేకమైన లెన్సులతో ఆరు వేల రెట్లకు పైగా పెంచి చూస్తారు. అందులో వాళ్లు మంచి కేంద్రకానికి పెట్టుకున్న కొలత పొడవు 4.75 మైక్రాన్లు, వెడల్పు 3.28. పైన నేను రాసిన 4.1, 2.8 కొలతలతో పోల్చి చూడండి. రంగు స్లైడు మీద తల ఆరి, కుంచించుకుపోతుంది, కొలత పద్ధతులూ వేరు. బతికున్నప్పుడు పెద్దగా ఉన్నదే స్లైడు మీద చిన్నగా కనిపిస్తుంది. ఆకారం అన్నది కూడా ఎలా చూశామన్న దానిమీద ఆధారపడి ఉంటుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇమ్సీలో ముఖ్యంగా చూసేది తలలోని గుంటలను, వాక్యూల్స్ అంటారు. పెద్ద గుంటలున్న తలల్లో డీఎన్‌ఏ సరిగా బిగుసుకోకపోవడం ఎక్కువని కొన్ని పరిశోధనలు చూపించాయి. కాబట్టి ఆలోచన అర్థంలేనిదేమీ కాదు. కానీ ఒక్కో కణాన్ని వెతకడానికి చాలా సేపు పడుతుంది, అంతసేపూ కణాలు బయటే ఉంటాయి. అన్నిటికంటే పెద్ద ప్రశ్న, దీనివల్ల పిల్లలు ఎక్కువగా పుడుతున్నారా అన్నది. ఇక్సీతో పోల్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ (వైద్య ఆధారాలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలు బిడ్డలు పుట్టే రేటు పెరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదనే తేల్చాయి. తలను అంత దగ్గరగా చూసినా ఫలితం స్పష్టంగా మారలేదంటే, ఆకారమే అసలు విషయం అనుకోవడంలో ఎక్కడో తేడా ఉందని నాకు అనిపిస్తుంది.

ఆకారం చూడకుండా పరిపక్వతను పట్టుకునే పద్ధతి హయలురోనన్ అనే పదార్థంతో వచ్చింది. అండం చుట్టూ ఉండే కణాల మధ్య ఈ పదార్థం సహజంగా ఉంటుంది. పూర్తిగా తయారైన వీర్యకణం దానికి అతుక్కుంటుంది, తయారీ సగంలో ఆగిపోయినది అతుక్కోదు. యేల్ విశ్వవిద్యాలయంలో గాబర్ హుసార్ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. అతుక్కున్న కణాల్లో మంచి తలలు ఎక్కువ. మళ్లీ అదే కథ, ఎంచింది అతుక్కునే గుణాన్ని, ఆకారం వెంట వచ్చింది. దీని మీద బ్రిటన్‌లో 2,772 జంటలతో చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. నెలలు నిండి బిడ్డ పుట్టినది ఈ పద్ధతిలో 27.4 శాతం మందికి, మామూలు ఇక్సీలో 25.2 శాతం మందికి. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావొచ్చు కాబట్టి మేలు ఉందని చెప్పలేమన్నారు. గర్భస్రావాలు మాత్రం 7 శాతం నుంచి 4.3కి తగ్గినట్టు కనిపించింది. నాకు ఆసక్తి కలిగించింది ఆ రెండో అంకె. దాన్ని ఇంకా పరీక్షించి చూడాలి.

చనిపోయే దారి పట్టిన కణాలను అయస్కాంతపు పూసలతో తీసేసే పద్ధతి, సన్నటి కాలువల్లో ఈదించి సెంట్రిఫ్యూజ్ లేకుండానే పట్టుకునే చిప్‌లు కూడా ఉన్నాయి. అవి చూసేది పైపొర స్థితినో ఈతనో. తల ఆకారం వాటి పని కాదు.

ఆకారమే నిజంగా మాట్లాడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిని వ్యాసం అసలు ప్రస్తావించకపోవడం నాకు బాధ కలిగించింది. స్లైడు మీద దాదాపు ప్రతి కణం గుండ్రటి తలతో, అక్రోజోమ్ లేకుండా కనిపిస్తే దాన్ని గ్లోబోజూస్పెర్మియా అంటారు. చాలామందిలో డీపీవై19ఎల్2 అనే జన్యువు లోపించడం దీనికి కారణం. ఆ కణం అండాన్ని చొచ్చుకుపోలేదు, ఇక్సీతో లోపలికి ఎక్కించినా అండాన్ని మేల్కొల్పే ప్రొటీన్ దానిలో లోపించి ఉంటుంది. కాల్షియం అయనోఫోర్ అనే రసాయనంతో అండాన్ని విడిగా ప్రేరేపించి పిల్లలను కన్నవాళ్లు ఉన్నారు. ఇంకొకటి, దాదాపు అన్ని తలలూ బాగా పెద్దగా, ఒక్కో తలకు రెండు మూడు తోకలతో ఉండడం. ఏయూఆర్‌కేసీ జన్యువు దెబ్బతినడం వల్ల క్రోమోజోములు విడిపోవాల్సిన సమయంలో విడిపోవు, ఒక్కో తలలో సాధారణం కంటే కొన్ని రెట్లు ఉండిపోతాయి. 2007లో ఈ జన్యువు సంగతి బయటపడింది. వీళ్లకు సొంత కణాలతో ఇక్సీ చేయకూడదు. ఈ రెండింటిలోనూ ఏ గ్రేడియంటూ ఏ లెన్సూ ఏరిపెట్టడానికి మంచి కణమంటూ ఉండదు. జన్యు పరీక్ష, సలహా కావాలి. స్లైడు చూసి దీన్ని గుర్తించి డాక్టర్‌కు వెంటనే చెప్పగలగడం ఆకారం పరీక్ష చేసే అతి పెద్ద మేలు. రిపోర్టులో ఉత్త శాతం రాసి వదిలేస్తే ఆ మేలు పోతుంది. 1 శాతం అని రాసిన రెండు రిపోర్టుల్లో ఒకదానిలో రకరకాల వంకరలు ఉండొచ్చు, ఇంకోదానిలో అన్నీ ఒకే తీరు లోపం ఉండొచ్చు. ఆ ఇద్దరి దారులు పూర్తిగా వేరు.

ఇక ఒక భయం గురించి తప్పకుండా రాయాలి. రిపోర్టు తీసుకున్నాక ఒకాయన మిగతావాళ్లంతా వెళ్లేదాకా ఆగి, దగ్గరికొచ్చి అడిగారు: "మేడమ్, వీటి తలలు వంకరగా ఉన్నాయంటే, పుట్టే బిడ్డ తల కూడా అలాగే ఉంటుందా?" ఇలా అడిగేవాళ్లు ఆయన ఒక్కరే కాదు. అడగలేక మనసులోనే కుమిలిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. ఉండదు. వీర్యకణం తల అంటే డీఎన్‌ఏను మోసుకొచ్చే పొట్లం, బిడ్డ తలకు నమూనా కాదు. చిట్టెలుక వీర్యకణాల్లో తల మరీ వంకరగా ఉన్నవాటిని అండాల్లోకి ఎక్కిస్తే మామూలు పిల్లలే పుట్టాయని ర్యుజో యానగిమాచి, ఆయన సహచరులు 1996లో ప్రచురించారు. చిట్టెలుకలతోనే మనుషుల సంగతి తేలిపోదు, నిజమే. అయితే 2004లో హుసార్ ల్యాబు మనిషి కణాల్లోనే తల ఆకారాన్నీ క్రోమోజోముల సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూసింది. చక్కటి తల ఉన్నంత మాత్రాన క్రోమోజోములు సరిగా ఉన్నాయని చెప్పలేమని తేలింది. తలలు చూసి మంచి జన్యువులను ఏరగలమన్న మాట ఎవరు చెప్పినా నమ్మొద్దని నేను అనేది ఇందుకే.

ఒక జంట సంగతి చెబుతాను. ఆయన సంఖ్యా కదలికా బాగున్నాయి, ఆకారం మాత్రం 3 శాతం. పెళ్లయి ఇంకా ఏడాది కూడా నిండలేదు, ఆమె పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. అయినా ఒకచోట ఆ ఒక్క అంకె చూపించి, మామూలు ఇక్సీ కూడా చాలదు, తలలు ఏరే పద్ధతే కావాలని చెప్పారట. రెండోసారి స్లైడు చదవాలని ఎవరికీ తోచలేదు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది, ఆ మధ్యలో గట్టి జ్వరం వచ్చినా ఆ ప్రభావం స్లైడు మీద కనిపిస్తుంది. కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయాలన్నది మా పనిలో మొదటి పాఠం. ఆమె నా ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకోలేదు గానీ, ఆయన వంక చూడడం మానేసింది. ఒక స్లైడు మీద ఎనిమిదికి బదులు ఆరు కణాలు బాగున్నందుకు ఇద్దరు మనుషుల మధ్య అంత దూరం రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

అందుకని మీకు కొన్ని విన్నపాలు. కొత్త ఎంపిక పద్ధతి గురించి రాసేటప్పుడు మంచి తలల శాతం ఎంత పెరిగిందో కాదు, ఎంతమందికి బిడ్డ పుట్టిందో అడిగి రాయండి. దాదాపు ప్రతి పద్ధతీ మొదటి అంకెను పెంచుతుంది, ఎందుకో పైన రాశాను. రెండో అంకె దగ్గరే అసలు పరీక్ష. తొంభై శాతం అన్న వాక్యాన్ని సరిదిద్దండి. ల్యాబుల్లో పనిచేసే తోటివాళ్లను కూడా ఒకటి కోరుతున్నాను. ఏ ప్రమాణాలతో చదివారో, ఎన్ని కణాలు లెక్కపెట్టారో, ఒకే రకం లోపం కనిపించిందా లేదా అన్నది రిపోర్టులో ఒక వాక్యంగా రాయండి. డాక్టర్లు ఆ వాక్యం చదివి చెప్పడానికి రెండు నిమిషాలు కేటాయించాలి.

వీలైతే ఈ ఉత్తరాన్ని ఆరోగ్యం పేజీలోనే, ఆ వ్యాసం వచ్చిన చోటే వేయండి. ఆకారం 3 అనో 4 అనో వచ్చినవాళ్లు ఆ పేజీ కత్తిరించి దాచుకుని మా దగ్గరికి తెస్తున్నారు.

ఇట్లు,
ఒక ఆండ్రాలజీ ల్యాబ్ టెక్నీషియన్